నాలుగో అధ్యాయం చదవండి: మత్తు, చికిత్స, పార్లమెంటు కమిటీలు

(బెంగళూరు మల్లేశ్వరంలో తెలుగువాళ్ల నెలవారీ కలయికలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేసి మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలోవాళ్లకి వినపడుతోందాండీ? సరే. శనివారం సాయంత్రం సిల్క్‌బోర్డు ట్రాఫిక్ దాటుకుని మరీ పార్లమెంటు కమిటీల గురించి వినడానికి వచ్చారంటే మీకు ముందు దండం పెట్టాలి. ఈ టాపిక్ చెప్పినప్పుడు మా ఇంట్లోనే నవ్వారు. కమిటీలేంటి, తాగుడేంటి, ఈ రెండింటికీ సంబంధం ఏంటి అని.

నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. ఒక డీ-అడిక్షన్ సెంటర్లో చాలా ఏళ్లు లెక్కలు చూశాను. గ్రాంటు ఫైళ్లు, జీతాలు, బిల్లులు, యూసీలు. యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే మీరిచ్చిన డబ్బు ఇలా ఖర్చుపెట్టాం మహాప్రభో అని రాసిచ్చే కాగితం. ఆ కాగితం సరిగ్గా లేకపోతే తర్వాతి కిస్తీ రాదు. మా సెంటరుకి ఎన్నోసార్లు నెలల తరబడి డబ్బు రాక, వార్డు బాయ్‌కి జీతం ఇవ్వలేక, కౌన్సెలర్ మానేసి వెళ్లిపోతే ఆ కుర్చీ ఖాళీగా పెట్టుకుని నడిపాం. ఈ డబ్బు ఎక్కడ ఆగింది, ఎవరైనా అడుగుతున్నారా అని వెతకడం మొదలుపెడితే ఈ కమిటీ నివేదికలు దొరికాయి. అడుగుతున్నారండీ! మా ఊళ్లో మేం తిట్టుకుంటున్న విషయాన్నే ఢిల్లీలో ఒక గదిలో ఎంపీలు కూర్చుని అడుగుతున్నారు. అడిగాక ఏమవుతుందనేదే అసలు కథ, దానికి తర్వాత వస్తాను.

టీవీలో మనకి కనపడే పార్లమెంటు ఏంటి? అరుపులు, ప్లకార్డులు, వాయిదా. దానికి అవతల ఒక పార్లమెంటు ఉంది, కెమెరాలు లేనిది. స్థాయీ సంఘాలు, అంటే ఒక్కో శాఖ పనినీ పరిశీలించే ఎంపీల కమిటీలు. 1993లో పదిహేడింటితో మొదలైంది, 2004 నుంచి ఇరవై నాలుగు. ఒక్కో దాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులు సభ్యులుగా ఉండరు. కేంద్రంలోని ప్రతి శాఖా ఈ ఇరవై నాలుగింట్లో ఏదో ఒకదాని కిందికి వస్తుంది.

ఇప్పుడు మీకో ప్రశ్న. మత్తు చికిత్స ఏ కమిటీ చూస్తుంది? చెప్పండి. ఆరోగ్యం అన్నారు... అక్కడ హోం అన్నారు... ఇంకెవరైనా? సామాజిక న్యాయం అని ఎవరూ అనలేదు చూశారా. అందరూ అనుకునేది ఆరోగ్య శాఖే అని. కానీ మాదకద్రవ్యాల వాడకం తగ్గించే బాధ్యత, స్వచ్ఛంద సంస్థలు నడిపే సెంటర్లకి డబ్బిచ్చే బాధ్యత సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖది. మత్తు లేని భారత్ కోసం నషా ముక్త్ భారత్ అనే కార్యక్రమాన్ని 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలుపెట్టింది కూడా వాళ్లే. 14446 అని హెల్ప్‌లైన్ ఉంది, అదీ వాళ్లదే. ప్రభుత్వాసుపత్రిలో డీ-అడిక్షన్ వార్డు అంటే ఆరోగ్య శాఖ. సూదితో ఎక్కించుకునేవాళ్లకి నోటి ద్వారా ఇచ్చే ప్రత్యామ్నాయ మందు, ఓఎస్‌టీ అంటారు, అది ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో (NACO) చూసుకుంటుంది, అది ఆరోగ్య శాఖలోనే వేరే గది. నార్కోటిక్స్ బ్యూరో హోం శాఖ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్ చట్టం అంటారు, అదేమో ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగం దగ్గర.

ఒక కుర్రాడిని ఊహించుకోండి. పేరొద్దు. హెరాయిన్ సూదితో తీసుకుంటున్నాడు. ఓఎస్‌టీకి వెళ్తే ఎయిడ్స్ సంస్థ లెక్కలో ఉంటాడు. ఒళ్లు పాడై ప్రభుత్వాసుపత్రిలో చేరితే ఆరోగ్య శాఖ లెక్కలో. అక్కణ్ణుంచి మాలాంటి సెంటరుకొస్తే సామాజిక న్యాయం లెక్కలో. మధ్యలో పోలీసులు పట్టుకుంటే నేరాల లెక్కలో. కుర్రాడు ఒక్కడే! ఆరోగ్య శాఖని అడిగే కమిటీ రాజ్యసభ ఛైర్మన్ కింద, సామాజిక న్యాయాన్ని అడిగే కమిటీ లోక్‌సభ స్పీకర్ కింద, హోం శాఖని అడిగేది మళ్లీ రాజ్యసభ వైపు. ఒకరు అడిగేది ఇంకొకరికి తెలియాలని రూలేం లేదు. 2023 ఆగస్టులో సామాజిక న్యాయ కమిటీ యువతలో మాదకద్రవ్యాల వాడకం మీద ఒక పూర్తి నివేదిక ఇచ్చింది. అదే నెలలో ఆరోగ్య కమిటీ మానసిక ఆరోగ్యం మీద ఇంకో పెద్ద నివేదిక ఇచ్చింది, దేశంలో లక్ష మందికి ముప్పావు మంది సైకియాట్రిస్టే ఉన్నారని, 0.75 అని, అందులో ఉంది. రెండూ మంచి నివేదికలే, చదవండి. కానీ మా వార్డులో మంచం మీద పడుకున్న మనిషి ఆ రెండింట్లోనూ ఉన్నాడు కదా. ఇద్దరూ కలిసి ఒక్కసారి కూర్చుంటే ఏం పోయేది?

సరే, వీళ్లు పని ఎలా చేస్తారో చెప్తాను. బడ్జెట్ పెట్టాక సభలకి కొన్నాళ్లు విరామం ఇస్తారు గుర్తుందా? మనం సెలవులు అనుకుంటాం. ఆ రోజుల్లోనే ప్రతి శాఖ పద్దులూ ఈ కమిటీల ముందుకొస్తాయి. కమిటీ ఆఫీసువాళ్లు ముందే శాఖకి ఒక పెద్ద ప్రశ్నల జాబితా పంపిస్తారు. శాఖ రాతపూర్వకంగా జవాబులివ్వాలి. తర్వాత సెక్రటరీ తన అధికారుల్ని వెంటబెట్టుకుని వచ్చి కూర్చుంటారు. మంత్రి రారు. గమనించండి, మంత్రిని పిలవరు, సెక్రటరీనే పిలుస్తారు. అక్కడ ఏ పార్టీ అని పెద్దగా చూసుకోరని వాళ్లే చెప్తుంటారు, కెమెరా లేదు కాబట్టి, అరిచినా ఎవరూ చూడరు కాబట్టి. ఆ గదిలో అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోతే తర్వాత రాసి పంపాలి.

ఆ ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడు అంకెల ప్రశ్న. బడ్జెట్ అంచనా ఎంత, సవరించిన అంచనా ఎంత, అసలు ఖర్చు ఎంత. ఈ మూడూ పక్కపక్కన పెట్టండి, కథ మొత్తం కనపడుతుంది. ఫిబ్రవరిలో ఇంత ఇస్తాం అన్నారు, తర్వాత అది తగ్గింది, చివరికి అదీ ఖర్చవలేదు. ఎందుకు ఖర్చవలేదు అని కమిటీ అడుగుతుంది. శాఖ ఏం చెప్తుంది? సంస్థల నుంచి సరైన ప్రతిపాదనలు రాలేదు, రాష్ట్రాల నుంచి యూసీలు రాలేదు. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది, చెప్పొద్దూ. మేం పంపిన యూసీ రాష్ట్రం ఆఫీసులో ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోవడానికి పట్టిన కాలం ఏ కమిటీ ప్రశ్నలోనూ ఉండదు. ఎందుకంటే రోజువారీ పరిపాలన విషయాల్లోకి ఈ కమిటీలు వెళ్లకూడదని రూల్స్‌లోనే రాసుంది. మాకేమో రోజువారీ పరిపాలనే ప్రాణాంతకం.

ఇంకో సంగతి. కమిటీ అడిగేది ఎక్కువగా ఎన్ని సెంటర్లు, ఎన్ని జిల్లాలు, ఎంతమంది లబ్ధిదారులు అని. మా సెంటర్లో ఒకే మనిషి ఒకే ఏడాదిలో మళ్లీ మళ్లీ చేరేవాడు. చేరిన ప్రతిసారీ ఒక లబ్ధిదారు! రిజిస్టరు నిండుతుంది, అంకె పెరుగుతుంది. డిశ్చార్జి అయిన ఆర్నెల్లకి ఆ మనిషి ఎలా ఉన్నాడు, పనికి వెళ్తున్నాడా, అసలు బతికున్నాడా, ఈ కాలమ్ ఏ ఫారంలోనూ పెద్దగా లేదు, కాబట్టి శాఖ దగ్గర లేదు, కాబట్టి కమిటీ అడిగినా జవాబు రాదు.

ఈ అంకెల గురించే ఇంకొక్క మాట. ఎయిమ్స్‌లోని నేషనల్ డ్రగ్ డిపెండెన్స్ ట్రీట్‌మెంట్ సెంటర్ వాళ్లు సామాజిక న్యాయ శాఖ కోసం దేశమంతా సర్వే చేశారు, 2019లో బయటికొచ్చింది. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతారు, అందులో 5.7 కోట్ల మందికి సాయం కావాల్సిన పరిస్థితి. సరే అనుకున్నాం. తర్వాతి వాక్యం వినండి. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నది 180 మందిలో ఒక్కరు. నూట ఎనభైలో ఒక్కరండీ! మన నిమ్హాన్స్, మానసిక వైద్య సంస్థ, ఇక్కడే ఉంది, అడిక్షన్ మెడిసిన్‌కి ప్రత్యేకంగా విభాగం ఉంది, హోసూరు రోడ్డు మీద పొద్దున్నే మనవాళ్లు కడప నుంచి, అనంతపురం నుంచి బస్సు దిగి చీటీ కోసం నిలబడతారు. ఆ క్యూ చూసి చాలా పెద్దది అనుకుంటాం. ఆ క్యూలో లేనివాళ్లెంతమందో ఈ సర్వే చెప్తుంది. ఏ కమిటీ అయినా ఏటా ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఆ 38 ఇప్పుడెంత అయింది అని. కొత్త సెంటర్లెన్ని అని అడగడం కంటే ఇది నాకు ముఖ్యం అనిపిస్తుంది.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన విషయం. కమిటీ సిఫార్సు చేస్తుంది. ప్రభుత్వం పాటించాలా? అక్కర్లేదు. ఇదే మాట విని చాలామంది, అయితే ఇదంతా దండగే కదా అంటారు. ఆగండి. సిఫార్సు పాటించక్కర్లేదు గానీ జవాబు చెప్పి తీరాలి. మూడు నెలల్లో. ఏం చేశారు, చేయకపోతే ఎందుకు చేయలేదు, రాసివ్వాలి. ఆ జవాబుల మీద కమిటీ మళ్లీ ఒక నివేదిక ఇస్తుంది, యాక్షన్ టేకెన్ రిపోర్ట్ అంటారు. అసలు రసం అందులో ఉంటుంది, పేపర్లవాళ్లు దాన్ని ముట్టుకోరు. లోక్‌సభ వైపు కమిటీలైతే అందులో అధ్యాయాల వరస ఇలా ఉంటుంది: మొదట కమిటీ వ్యాఖ్యలు. రెండోది ప్రభుత్వం ఒప్పుకున్న సిఫార్సులు. మూడోది ప్రభుత్వం జవాబు చూశాక కమిటీ ఇక వదిలేసినవి. నాలుగోది, ఇది రాసుకోండి, ప్రభుత్వం ఇచ్చిన జవాబు కమిటీకి నచ్చనివి. అయిదోది తుది జవాబు ఇంకా రానివి. రాజ్యసభ వైపు అంకె మారుతుంది, శీర్షిక చూసి పట్టుకోవాలి.

మీకు టైం లేదు, ఒక్క అధ్యాయమే చదువుతాను అంటే నాలుగోది చదవండి. అక్కడ శాఖ తప్పించుకున్న తీరు, దాన్ని కమిటీ పట్టుకున్న తీరు రెండూ కనపడతాయి. సెంటర్లలో సిబ్బందికి జీతాలు పెంచండి అంటే "సూచనను గమనించాం" అంటారు. తనిఖీలు చేయండి అంటే "రాష్ట్రాలకి లేఖ రాశాం" అంటారు. లేఖ రాయడం పని ఎలా అయిందండీ? కమిటీ కూడా కాస్త మర్యాద భాషలో ఇదే అడుగుతుంది. రెండో అధ్యాయం మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఒప్పుకున్నారు అని ఉంటుంది, కిందకెళ్లి జవాబు చూస్తే అందులో ఏమీ ఉండదు.

కమిటీల వల్ల నిజంగా ఏదైనా జరిగిందా అని అడుగుతారు, చెప్తాను. మనకి దగ్గరిది. ఖమ్మం జిల్లా. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా, వేశారు, పాథ్ అనే అమెరికా సంస్థ అధ్యయనం అది, గుజరాత్‌లో వడోదరలో కూడా జరిగింది. గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. కొన్ని మరణాలు జరిగాయి, గొడవ అయింది, 2010 ఏప్రిల్లో ఆపేశారు. విచారణ జరిపినవాళ్లు మరణాలకీ టీకాకీ సంబంధం కనపడలేదన్నారు. టీకా మంచిదా కాదా అన్నది వేరే విషయం, దయచేసి కలపొద్దు, హెచ్‌పీవీ టీకా మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. అక్కడ జరిగిన తప్పేంటంటే పిల్లల తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వాళ్లు పెట్టేశారు. ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో, 2013 ఆగస్టులో, పాథ్‌నే కాదు, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌నీ, డ్రగ్ కంట్రోలర్‌నీ కూడా కడిగేసింది. అంతకు ముందు ఏడాదే, 2012 మేలో, 59వ నివేదికలో ఇదే కమిటీ మందులకి అనుమతిచ్చే సంస్థ గుట్టు బయటపెట్టింది. వేర్వేరు ఊళ్లలోని నిపుణులు ఇచ్చిన అభిప్రాయాలు ఒకేలా, మక్కీకి మక్కీగా ఉంటే, వీటిని రాసింది మందుల కంపెనీలే, వీళ్లు సంతకాలు పెట్టారంతే అని తేల్చింది. ఇంత మాట ఒక ప్రభుత్వ ఆఫీసు గురించి మామూలు సభలో ఎప్పుడైనా విన్నారా?

ఇది మంచి కథ. చెడ్డ కథ కూడా చెప్పాలి, లేకపోతే నేను కమిటీలకి ఏజెంటునని అనుకుంటారు. సిగరెట్ పెట్టె మీద బొమ్మ తెలుసు కదా. పెట్టె మీద 85 శాతం మేర బొమ్మా, హెచ్చరిక రాతా కలిపి ఉండాలని 2014లో రూలు ఇచ్చారు, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. లోక్‌సభ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ, అంటే చట్టం కింద అధికారులు చేసే రూల్స్‌ని చూసే కమిటీ, దీన్ని ఆపమంది. పొగాకుతో హాని అని మన దేశంలో జరిగిన అధ్యయనం ఏది అని అడిగారు! ఆ కమిటీలో బీడీ వ్యాపారం ఉన్న ఎంపీ ఒకాయన సభ్యుడు. సొంత ప్రయోజనం ఉంటే అభ్యంతరం చెప్పే వీలు రూల్స్‌లో ఉంది, ఉండి ఏం లాభం. రూలు ఏడాది వాయిదా పడింది. 2016 మార్చిలో ఆ కమిటీ 50 శాతం చాలంది. ప్రభుత్వం ఈసారి వినలేదు, ఏప్రిల్ 1 నుంచి 85 శాతం అమల్లోకి వచ్చింది. తర్వాత కేసులన్నీ సుప్రీంకోర్టు మన కర్ణాటక హైకోర్టుకే పంపింది, ఇక్కడ, కబ్బన్ పార్కు పక్కన. 2017 డిసెంబర్లో హైకోర్టు ఆ రూలు కొట్టేసింది, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. అందుకే ఇవాళ మీ పాన్ షాపులో ఆ బొమ్మ అంత పెద్దగా ఉంది. సిఫార్సు పాటించక్కర్లేదు అన్న రూలు ఇక్కడ మనల్ని కాపాడింది, ఖమ్మం నివేదిక చదివితే అదే రూలు మీద కోపం వస్తుంది. రెండూ నిజమే, నేనేం చేయను.

ఇక మద్యం. ఎవరో ఇందాకే గొణిగారు, మద్యం గురించి చెప్పరేంటి అని. చెప్పడానికి పెద్దగా లేదండీ, ఎందుకంటే రాజ్యాంగంలో మత్తు పానీయాలు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. తయారీ, అమ్మకం, పన్ను, అన్నీ రాష్ట్రం చేతిలో. 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించమని చెప్తుంది, రాష్ట్ర ఖజానా ఇంకోటి చెప్తుంది. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో రోడ్డెక్కితే ముందు సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి, 1997లో ఎత్తేశారు. అందులో ఎక్కడా ఏ శాసనసభ కమిటీ పాత్రా నాకు కనపడదు. అంటే తాగించే శాఖ రాష్ట్రంలో, తాగుడు మాన్పించే సెంటరుకి డబ్బిచ్చే శాఖ ఢిల్లీలో. కేరళలో అయితే 1980 నుంచీ శాసనసభలో సబ్జెక్టు కమిటీలు, అంటే శాఖల వారీగా చూసే కమిటీలు, గట్టిగా ఉన్నాయి. మీ ఎమ్మెల్యేని కలిసినప్పుడు మద్యం శాఖని ఇలా అడిగే కమిటీ మనకుందా అని అడగండి, మొహం ఎలా పెడతారో చూడండి.

బిల్లుల సంగతి త్వరగా చెప్పేస్తాను, టీ వచ్చేసినట్టుంది. మానసిక ఆరోగ్య బిల్లు 2013లో ఆరోగ్య కమిటీకి వెళ్లింది, అదే ఏడాది నివేదిక వచ్చింది, 2017లో చట్టమైంది, 2018 మే 29 నుంచి అమలు. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం నిర్వచనంలో ఉన్నాయి, అందువల్ల డీ-అడిక్షన్ సెంటర్లు కూడా రిజిస్టరు కావాలి. మనిషిని గొలుసులతో కట్టేయడం నేరం. ఊరి బయట ఇల్లు అద్దెకి తీసుకుని, కిటికీలకి ఊచలు బిగించి, మీ అబ్బాయిని మూడు నెలలు మాకొదిలేయండి అనేవాళ్లున్నారు కదా, వాళ్లని అడగడానికి ఈ చట్టమే ఆధారం. ఈ-సిగరెట్లకి వచ్చేసరికి 2019 సెప్టెంబర్లో ఆర్డినెన్స్, డిసెంబర్లో చట్టం, కమిటీకి వెళ్లనే లేదు. నిషేధం సరైనదే కావచ్చు. అలవాటు పడ్డ కుర్రాళ్లని ఏం చేయాలని ఒక్క డాక్టరునైనా పిలిచి అడిగే అవకాశం పోయింది. పదిహేనో లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకి వెళ్లాయి, పదిహేడో లోక్‌సభలో 16 శాతం. ఇవి చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థవాళ్లు తీసిన లెక్కలు.

చివరగా, మనం ఏం చేయొచ్చు అన్నది. కమిటీలు ఒక విషయం తీసుకున్నప్పుడు పేపర్లో ప్రకటన ఇస్తాయి, మీ అభిప్రాయాలు పంపండి అని. గడువు తక్కువ ఇస్తారు. సాధారణంగా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి, అది మనకి ఇబ్బందే, మా వార్డులో ఉన్న అమ్మలు తెలుగులో చెప్పినంత బాగా ఎవరు చెప్తారు. ఇక్కడ ఐటీలో పనిచేసే పిల్లలు చాలామంది ఉన్నారు, ఒకరు కూర్చుని ఇంగ్లీషులో రాసిపెట్టొచ్చు. రెండు పేజీలు చాలు. వ్యాసం రాయొద్దు, జరిగింది రాయండి: ఏ నెలలో డబ్బు ఆగింది, ఎన్ని మంచాలు ఖాళీ ఉన్నాయి, ఏ మందు దొరకలేదు. ఎదురుగా వచ్చి చెప్పాలని ఉంటే ఆ మాట కూడా రాయండి, పిలిచినా పిలుస్తారు. ఒక జాగ్రత్త, పంపిన కాగితం కమిటీ సొత్తవుతుంది, దాన్ని మీరు వాట్సాప్‌లో పంచకూడదు. నివేదికలన్నీ సన్సద్ అనే పార్లమెంటు వెబ్‌సైటులో ఉచితంగా ఉంటాయి. సామాజిక న్యాయ కమిటీ పేజీకి వెళ్లి యాక్షన్ టేకెన్ అని ఉన్నవి దించుకోండి.

నేను చెప్పాల్సింది అయిపోయింది. టీ తాగుతూ మాట్లాడుకుందాం. ఆ చివర చెయ్యెత్తిన అన్నయ్యగారు, ముందు మీరు అడగండి.